ఒక అంగుళం తేడా

ఎలుక తొడ ఎముకను మూడుసార్లు కొలవాలి. మూడూ వేరువేరు పూటల్లో కొలవాలి. మొదటి కొలత చూసి రెండోది రాయకూడదు. నేను ఉద్యోగంలో చేరిన రోజున మా డాక్టరుగారు చెప్పిన మొదటి మాట ఇది. ముప్పై ఆరేళ్ల నౌకరీలో ఎలుకల దగ్గర ఈ నియమం నేనెన్నడూ తప్పలేదు. మనిషి దగ్గర ఒక్కసారి తప్పాను.

శరీర నిర్మాణ శాఖలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. పాత రోజుల సంగతులు చెప్పమంటారు. బోను తప్పించుకుని పెద్దసారు టోపీలో పడుకున్న ఎలుక కథ చెప్పి నవ్వించి పంపిస్తుంటాను. ఈ కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా పోతే ఇంకొక తప్పు చేసినవాణ్నవుతానని ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నిజాం రాజ్యం ఆఖరి రోజులు. పేరుకు ప్రయోగశాల సహాయకుణ్ని; చేసేది ఎలుకల చాకిరీ. బోన్లు కడగడం, సజ్జలూ పాలూ పెట్టడం, రోజూ తూకం వేయడం, మందు నోట్లో పోయడం, గడువు తీరాక కోసి కాలేయం తూచడం, ఎముకలు శుభ్రం చేసి కొలవడం. మా డాక్టరుగారు నల్ల శేర్వాణీకి మెడదాకా గుండీలు పెట్టుకునే మనిషి. ఎలుకను పట్టుకునే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేవాడు. "చల్లటి చెయ్యి తగిలితే భయపడుతుంది మియా. భయపడ్డ ప్రాణి కొలత నమ్మడానికి లేదు" అనేవాడు. మేం మాట్లాడుకోవడం ఉర్దూలో. లెక్కలు రాసుకోవడం కూడా ఉర్దూ అంకెల్లోనే.

యుద్ధకాలంలో క్వినైన్ దొరక్క చలిజ్వరానికి పసుపు రంగు మాత్రలు పంచారు. అవి మింగినవాళ్ల ఒళ్లు కూడా పచ్చబడేది. ఆ మందును మేం ఎలుక పిల్లలకు పోసి చూస్తున్నాం. ఎక్కువ మోతాదు పడ్డ వాటి తొడ ఎముక కొంచెం పొట్టిగా వస్తున్నట్టు కనిపించింది. ఎలుకకు అయినట్టు మనిషికీ అవుతుందా అన్నది డాక్టరుగారి సందేహం. అందుకని జ్వరాలు ఎక్కువగా ఉండే ఊళ్లో, ఆ మాత్రలు మింగుతూ పెరిగిన పిల్లలనూ, మాత్రలు రాకముందే పెరిగిన పెద్దలనూ కొలిచి చూడాలనుకున్నాడు. పెద్ద చెరువు, దాని కింద పొలాలు, విపరీతంగా దోమలు ఉన్న ఇబ్రహీంపట్నాన్ని ఎంచుకున్నాడు.

నన్ను టేపుతో, నోటుబుక్కుతో బస్సెక్కించాడు. చావడిలో చాప పరుచుకుని కూర్చున్నాను. రెండు రోజులు ఒక్క మనిషి రాలేదు.

రాకపోవడంలో తప్పు లేదు. ఒక పక్క రజాకార్లు, ఇంకో పక్క కమ్యూనిస్టు దళాలు. సర్కారు మనిషి ఎవరైనా కాగితం తీసి పేరడిగితే దాని వెనక ఏదో ఒక కీడు ఉండే కాలం. నన్ను చూసి ఆడవాళ్లు పిల్లలను లోపలికి లాక్కునేవారు.

మూడో రోజు పొద్దున ఒకతను చెరువు నుంచి నేరుగా వచ్చి నిలబడ్డాడు. పాతికేళ్లు ఉంటాయి. చెరువులో చేపలు పట్టుకుని బతికే కుటుంబం. వల ఇంకా భుజాన ఉంది, నీళ్లు కారుతున్నాయి. వెనకే ఒకామె, చేపల గంప నెత్తిన పెట్టుకుని. అతని అక్క. తల్లి పోతే తమ్ముణ్ని తనే సాకిందని తర్వాత తెలిసింది.

"ఏంది సారూ గిది? ఫౌజుల తోల్కపోనీకి కొలుస్తున్నవా?" అన్నాడతను.

"కాదన్నా. జరం మందు మంచిదా చెడ్డదా తెలుసుకోనీకి" అన్నాను.

"మనిషిని కొలిస్తే మందు సంగతెట్ల తెలుస్తది?"

నేను ఎలుకల సంగతి చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. "అక్కా, ఎలుకలైనయంట. ఇగ మనమంట!" అని వల కిందపెట్టి, చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. "కొలువు. జరమొచ్చి సచ్చేది మేమే గదా."

చావడి గోడ వెనక నుంచి యాభై మంది చూస్తున్నారని నాకు తెలుసు. చేతులు వణికాయి. అయినా కొలిచాను. ఎత్తు, చాపిన చేతుల బార, చేతులు, కాళ్లు. టేపు తగిలినప్పుడల్లా అతను నవ్వుతూనే ఉన్నాడు. లేచి బయటికి పోయి, "ఏం గాలే! సూది గూడ లేదు, రాండ్రి!" అని కేకేశాడు.

అప్పటి నుంచి జనం వచ్చారు. ఆడవాళ్లను నేను ముట్టుకోవడానికి లేదు. వాళ్లను అతని అక్క కొలిచేది. టేపు ఎక్కడ పెట్టాలో ఒకసారి చూపిస్తే చాలు, మళ్లీ చెప్పే పని లేకుండా నేర్చుకుంది. అంకెలు రావు కాబట్టి కొలత దగ్గర బొటనవేలు నొక్కిపెట్టి టేపు నా ముందుకు తెచ్చేది. "జర మంచిగ జూసి రాయి సారూ. నా వేలు కదలలే" అనేది. పది రోజులు అట్లా పని చేసింది. నా ఉద్యోగంలో నాకు దొరికిన మంచి సహోద్యోగుల్లో ఆమె ఒకరు. రోజూ మధ్యాహ్నం ఆకులో రెండు వేయించిన చేపలు తెచ్చి నా ముందు పెట్టి, తమ్ముడు తినమంటే, అక్క ముళ్లు పైలం, చూసి తినమనేది.

ఇక నా తప్పులు. పట్నం తిరిగొచ్చాక నోటుబుక్కులో ఉన్నవన్నీ కార్డుల మీదికి ఎక్కించాను. మనిషికొక కార్డు. "నెంబరు చాలు, పేరెందుకు?" అన్నాడు డాక్టరుగారు. ఎలుకల చెవులకు గాటు పెట్టి ఏది ఏదో గుర్తుపట్టే అలవాటు నాది. వచ్చే ఏడాది అదే పిల్లలను కొలవాలి కదా, పేరు లేకపోతే ఎట్లా వెతుకుతామని వాదించి, పేరు, తండ్రి పేరు, ఏ వాడకట్టులో ఇల్లు, అన్నీ రాశాను. పిల్లలకే కాదు, పెద్దలకూ రాశాను. అది మొదటి తప్పు.

కార్డులన్నీ తిరగేసి డాక్టరుగారు ఒకదాని మీద ఎర్ర పెన్సిలు గీత పెట్టాడు. చాప మీద మొదట పడుకున్న ఆ మనిషి కార్డు. కుడి కాలు ముప్పై మూడు అంగుళాలు, ఎడమ కాలు ముప్పై రెండు. "అంగుళం తేడా చిన్నది కాదు. మళ్లీ చూడు" అన్నాడు. లేచి బీరువాలోంచి నోటుబుక్కు తీసి చూస్తే నిమిషం పని. మళ్లీ ఊరికి పోతాం కదా, అప్పుడే కొలుద్దాం అనుకున్నాను. అది రెండో తప్పు.

ఆ మరుసటి సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. పట్నమంతా తలుపులు మూసుకుంది. నేను ఇల్లు కదల్లేకపోయాను, డాక్టరుగారూ కదల్లేకపోయాడు. వారం తర్వాత ప్రయోగశాల తలుపు తీస్తే వాసన ఎదురొచ్చింది. నీళ్లు లేక, తిండి లేక ఎలుకలు ముప్పాతిక పాళ్లు చచ్చిపోయాయి. బతికినవి చచ్చినవాటిని తిన్నాయి. డాక్టరుగారు స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఏడాదిన్నర పని పోయింది. ఆయన తమ్ముడి కుటుంబం జాడ కూడా అప్పటికి తెలియలేదు. ఆ సంగతి నాకు నెల తర్వాత వేరేవాళ్లు చెప్పారు.

మాకు మిగిలింది ఆ కార్డుల పెట్టె ఒక్కటే. చలికాలంలో పిల్లలను రెండోసారి కొలవడానికి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కాను.

చావడి ఇప్పుడు మిలిటరీ క్యాంపు అయింది. చుట్టూ ముళ్లకంచె. రజాకార్ల భయం పోయింది, దళాల కోసం వెతుకులాట మొదలైంది. అనుమతి కోసం క్యాంపు అధికారి దగ్గరికి వెళ్లాను. దూరప్రాంతం మనిషి. మర్యాదగా కుర్చీ చూపించి, టీ తెప్పించి, పెట్టెలో ఏముందని అడిగాడు. తెరిచి చూపించాను. కార్డులు ఒక్కొక్కటే తీసి చూశాడు. కార్డుల మీద పేర్లూ అంకెలూ ఇంగ్లీషులో రాశాను కాబట్టి చదవగలిగాడు.

"ఇంత చక్కటి పని ఇక్కడెవరూ చేయలేదు. ఎవరు రాశారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

నా పని చూసి మంచి మాట అన్న మొదటి అధికారి అతను. కుళ్లిన ఎలుకలను తట్టలకెత్తి పారబోసిన చేతులు ఇవి. ఆ పొగడ్త నాకెంత తియ్యగా తగిలిందో ఇప్పటికీ సిగ్గుతో తలచుకుంటాను.

అతను టీ తాగుతూ అడిగాడు: "కందుకూరు వైపు నుంచి దళానికి చీటీలు మోసేవాడొకడు ఉన్నాడు. ఎడమ కాలు ఈడుస్తాడట. మీ కార్డుల్లో కాళ్లు సమంగా లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఆలోచించలేదు. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. ఎర్ర గీత ఉన్న కార్డు ఎక్కడుందో నా వేళ్లకు తెలుసు. అతను మాట ముగించేలోపు తీసి బల్ల మీద పెట్టాను. ఎంత తొందరగా తీశానో చూశావా అన్నట్టు అతని ముఖంలోకి చూశాను కూడా. చాప మీద నవ్వుతూ పడుకున్న మనిషి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. అతను ఎట్లా నడుస్తాడో గుర్తు రాలేదు. కార్డు గుర్తుంది, అంతే. అధికారి వివరాలు రాసుకుని కార్డు నాకే తిరిగి ఇచ్చాడు. థాంక్స్ చెప్పాడు.

మర్నాడు పొద్దున బడి దగ్గర పిల్లల కోసం కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పొద్దెక్కాక అతని అక్క వచ్చింది. గంప లేదు. కొంగు నేల మీద జీరాడుతోంది.

"సారూ, నా తమ్ముని పట్కపోయిండ్రు. నువ్వు సర్కారు మనిషివి, జర చెప్పు. వాడు చెరువు దాటి యాడికి పోడు."

"ఎందుకు పట్టుకున్నరక్కా?" అన్నాను. ఆ ప్రశ్న నోట్లోంచి బయటికి రాకముందే జవాబు నాకు తెలిసిపోయింది.

"కుంటోడంట. వాడు కుంటుతడా? నువ్వు జూడలేదా? నడువమని నడిపిచ్చిండ్రంట. మంచిగనే నడిస్తే, దాస్తున్నవ్ అని కొట్టిండ్రంట. కాయితంల ఉన్నదంటున్నరు."

క్యాంపుకు పరుగెత్తాను. అధికారి బయటికి పోయాడన్నారు. గేటు దగ్గర జవాను నన్ను లోపలికి పోనివ్వలేదు. లోపలి నుంచి ఏ చప్పుడూ వినపడలేదు. మధ్యాహ్నం బస్సుకు పట్నం వచ్చి, డాక్టరుగారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన లేచాడు. బీరువా తెరిచి నోటుబుక్కు తీశాడు. మొదటి పుట. నా చేతిరాతలో ఉర్దూ అంకెలు. కుడి కాలు ముప్పై మూడు. ఎడమ కాలు ముప్పై మూడు.

ఉర్దూలో రెండుకూ మూడుకూ తేడా ఒక్క పన్ను, అంకె పైన దువ్వెన పన్నులా లేచే చిన్న వంపు. రెండుకు ఒక పన్ను, మూడుకు రెండు. నా చెయ్యి వణికిన ఆ రోజున రెండో పన్ను సన్నగా పడింది. కార్డు మీదికి ఎక్కించేటప్పుడు దాన్ని చూడలేదు.

మర్నాడు తొలి బస్సుకే ఇద్దరం బయలుదేరాం. ఆ రోజుల్లో శేర్వాణీ వేసుకుని ఆ దారిన పోవడం ఆయనకు క్షేమం కాదు. ధోవతీ కట్టుకోమని బతిమాలాను. "నా బట్టలు చూసి నమ్మనివాడు నా లెక్క చూసి ఏం నమ్ముతాడు?" అన్నాడు. బస్సులో పక్కన ఎవరూ కూర్చోలేదు. దారిలో రెండుచోట్ల తనిఖీకి ఆపి దింపారు. రెండోచోట ఆయన టోపీ తీసి నేల మీద పడేశారు. ఆయన వంగి తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు.

అధికారి ముందు డాక్టరుగారు నోటుబుక్కు తెరిచాడు. కాగితం అడిగి తీసుకుని రెండు అంకె, మూడు అంకె పక్కపక్కన పెద్దగా వేసి చూపించాడు. తర్వాత నోటుబుక్కులో అంకె మీద వేలు పెట్టాడు. అధికారి భూతద్దం తెప్పించి చూశాడు.

"అయితే మీ మనిషి తప్పు రాశాడా?" అని నా వైపు చూశాడు.

నోరు తెరవాల్సింది నేను. నేను నోటుబుక్కు వైపు చూశాను.

"కార్డు కింద సంతకం నాది. తప్పు నాది. శిక్ష వేస్తే నాకు వేయండి. ఆ మనిషిని వదలండి" అన్నాడు డాక్టరుగారు.

అధికారి తలుపు వైపు చూసి జవానుకు ఏదో చెప్పాడు. ఇద్దరు మోసుకొచ్చి అతన్ని వసారాలో పడుకోబెట్టారు. ఎడమ మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. రెండు రోజుల గాయం. డాక్టరుగారు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుని, అప్పుడు ఆ కాలు పట్టుకున్నాడు.

బండి కట్టించి, అక్కను కూడా ఎక్కించుకుని పట్నం దవాఖానకు తెచ్చాం. గాయం అప్పటికే చెడింది. పెన్సిలిన్ అప్పట్లో దొరకడమే కష్టం. డాక్టరుగారు తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరిగి కొంచెం సంపాదించాడు. చాలలేదు. కాలు తీసేస్తామంటే మొదట అక్క ఒప్పుకోలేదు. ఒప్పుకునేసరికి ఒళ్లంతా విషం ఎక్కింది.

రోజూ పనయ్యాక అతని మంచం దగ్గర కూర్చునేవాణ్ని. ఒళ్లు కాలిపోతున్నా తెలివిగానే మాట్లాడేవాడు. చెరువులో నీళ్లెంత ఉన్నాయి, ఈ కాలంలో ఏ చేప పడుతుంది, అవే మాటలు. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, మీ పెద్దసారును తోల్కొచ్చి నన్ను ఇడిపిచ్చినవ్. పరాయోనివైనా వచ్చినవ్. మా వాడకట్టోళ్లు గూడ రాలే."

ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని నా లోపల ఒకటే అరుపు. అక్క మంచానికి అటుపక్క నిలబడి నన్నే చూస్తోంది. "పండుకో అన్నా" అన్నాను. అంతే అన్నాను.

ఆ తర్వాత మూడో రోజు పగటిపూట పోయాడు.

కార్డులన్నీ డాక్టరుగారు చచ్చిన ఎలుకలను కాల్చే పొయ్యిలో వేయించాడు. నాతోనే వేయించాడు. ఒక్కొక్క కార్డూ పేరు చదివి వేయమన్నాడు. చదివాను. పొద్దుగూకే దాకా పట్టింది. నోటుబుక్కు కూడా వేశాం. ఆ పరిశోధన తర్వాత అచ్చయినప్పుడు అందులో ఎలుకల సంగతి మాత్రమే ఉంది. ఆయన నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎప్పుడైనా కోప్పడితే బాగుండుననిపించేది. రిటైరయ్యి వెళ్లిపోయేనాడు కూడా నా భుజం తట్టి, "బోన్లలో నీళ్లు చూసుకో" అన్నాడంతే.

ఆయన నన్ను క్షమించాడా అని పిల్లలూ, మీరు అడుగుతారేమో. నాకు తెలియదు. నేను అడగలేదు. అడిగే హక్కు ఉన్నది ఒక్కచోటే. అక్కడికి వెళ్లడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఎండాకాలంలో చెరువు బాగా లోపలికి పోయింది. వాళ్ల ఇల్లు గట్టుకు దగ్గర. మట్టి గోడలు, తాటాకు కప్పు. ఆమె వాకిట్లో కూర్చుని వల అల్లుతోంది. తమ్ముడి వల కాదు, ఎవరిదో, కూలికి అల్లుతోంది. నన్ను చూసి లేవలేదు. పొమ్మనీ అనలేదు.

నిలబడే చెప్పాను. "అక్కా, ఆ కాయితం తీసిచ్చింది నేనే. ఎవ్వరు బలవంతం చెయ్యలే. తప్పు రాసింది గూడ నేనే."

ఆమె చేతులు ఆగలేదు. ముడి వేసి, దారం పళ్లతో కొరికింది.

"ఎరుకనే" అంది.

"ఎప్పటిసంది?"

"బండిల ఎక్కిస్తప్పుడు జవాను జెప్పిండు. పెట్టె పట్కొచ్చినోడే ఇచ్చిండని."

"మరి దవాఖానల..."

"వానికెందుకు జెప్తా? సచ్చేటోనికి. నువ్వు మంచోనివని నమ్మిండు. గదొక్కటన్న ఉండనీ అనుకున్న. నీ కోసం గాదు సారూ, వాని కోసం."

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆమె ఓదార్చలేదు. తిట్టలేదు. వల అల్లుతూనే ఉంది. కొంతసేపటికి దాన్ని పక్కన పెట్టి అడిగింది.

"వాని కాయితం ఉన్నదా?"

"లేదక్కా. అన్ని కాలబెట్టినం."

"మంచి పనే." చేతులకంటిన దారం పోగులు దులుపుకుంది. "వాని ఫొటువ లేదు. వాని మొకం యాదికున్నది. ఎంత పొడుగుండెనో యాదికొస్తలేదు. పొద్దు మాపు నా ముంగటనే తిరిగిండు, గదొక్కటి యాదికొస్తలేదు. నీకు ఎరుకేనా?"

ఎరుకే. అయిదడుగుల నాలుగంగుళాలు. అది తప్పు రాయలేదు. టేపు నా దగ్గర లేదు. ఆమె వల అల్లే దారం తీసి ఇచ్చింది. నా జేబులో బెత్తెడు అడుగుబద్ద ముక్క ఉంది. దానితో దారాన్ని కొలిచాను. ఒకసారి కొలిచి, విప్పి, మళ్లీ కొలిచాను. విప్పి మూడోసారి కొలిచాను. ఆమె తొందరపెట్టలేదు. ద్వారబంధానికి దారం ఆనించి, కింది కొస ఆమె కాలితో నొక్కిపట్టుకుంటే, పై కొస దగ్గర బొగ్గుతో గీత గీశాను.

ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. గీత ఆమె తలకంటే బెత్తెడు పైన ఉంది. తల ఎత్తి దాన్ని చూసింది. తర్వాత చెయ్యి పైకెత్తి, గీతకు కొంచెం కిందుగా, తమ్ముడి తల ఉండే చోట, అరచెయ్యి ఆనించి అట్లాగే నిలబడిపోయింది.